ఇంజనీరింగ్ ఫస్టియర్ ఇంగ్లీష్ కాంబో సెట్టు: డబ్బులిచ్చే ముందు సీలు తీయించండి

భీమవరం, తాడేపల్లిగూడెం, అమలాపురం వైపు కాలేజీల్లో పిల్లల్ని చేర్చినవాళ్లకి ఈ హెచ్చరిక. ఫస్టియర్ క్లాసులు మొదలయ్యే రోజుల్లో హాస్టళ్ల చుట్టుపక్కల 'ఇంగ్లీష్ కాంబో' అని పుస్తకాల సెట్టు ప్లాస్టిక్ కవర్లో సీలు వేసి అమ్ముతున్నారు. మా అబ్బాయికి 1,450 రూపాయలు పెట్టి కొన్నాం. అట్ట మీద పెద్దగా ఆర్23 అని, అంటే కొత్త సిలబస్ పేరు ఉంది. ఇంటికొచ్చి గోటితో గీకితే స్టిక్కరు ఊడింది, దాని కింద ఆర్20, అంటే పాత సిలబస్.

కాకినాడ జేఎన్‌టీయూలో ఆర్20లోనూ, 2023 బ్యాచ్ నుంచి వచ్చిన ఆర్23లోనూ సబ్జెక్టు పేరు ఒకటే, కమ్యూనికేటివ్ ఇంగ్లీష్. పాత సరుకు వదిలించుకోవాలనుకునే వాడికి ఇంకేం కావాలి? వెనక్కి తీసుకెళ్తే కొట్టతను, "ఇంగ్లీషుకి సిలబస్ ఏంటండి బాబూ, గ్రామర్ ఎప్పుడైనా గ్రామరేగా!" అన్నాడు. గ్రామర్ సంగతి సరే, పాఠాలో?

ఆర్23లో అయిదు యూనిట్లు. ఓ.హెన్రీ కథ, టెన్నిసన్ పద్యం, ఇలాన్ మస్క్ జీవిత విశేషాలు, సాకీ కథ, చివర ఒక వ్యాసం. విషయసూచికలో ఇవి కనిపించకపోతే పుస్తకం అక్కడే పెట్టేయండి. సిలబస్ సొంతంగా పెట్టుకునే అటానమస్ కాలేజీల్లో అది వేరుగా ఉండొచ్చు, కాలేజీ వెబ్‌సైట్లో పీడీఎఫ్ చూసుకుని వెళ్లండి.

ఇంకో మాట. ఓ.హెన్రీ 1910లో, సాకీ 1916లో, టెన్నిసన్ 1892లో పోయారు. ఎవరి రచనలకీ ఇప్పుడు కాపీరైట్ లేదు. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. వాటికోసం సెట్టు కొనక్కర్లేదు.

సెట్టులో నన్ను ఎక్కువ మండించింది రెండో పుస్తకం. పేరు 'ఇంజనీర్స్ రీడింగ్ ప్రాక్టీస్', లోపలంతా బ్యాంకు పరీక్షల ప్యాసేజీలూ, కింద నాలుగేసి ఆప్షన్లూ. ద్రవ్యోల్బణం మీద పేజీలకు పేజీలు ఉన్నాయి కానీ ఒక్క గ్రాఫ్ లేదు, ఒక్క పట్టిక లేదు. క్లాసులో అడిగేది పేరా చదివి సారాంశం రాయడం, గ్రాఫ్ చూసి నాలుగు వాక్యాలు చెప్పడం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లాడికి దీని మొదటి పేజీకే టెన్షన్ వస్తుంది. జవాబుల పట్టీలో తప్పులు సరేసరి. రాసినవారి పేరు, ముద్రించిన ఏడాది, పుస్తకానికి ఉండే ఐఎస్‌బీఎన్ గుర్తింపు నంబరు ఏవీ లేవు. ఆడియో పాఠాలకిచ్చిన కోడ్ గీకి కొడితే 'ఇప్పటికే వాడారు' అని వచ్చింది. అంటే మా చేతికి రాకముందే సీలు ఎవరో విప్పారన్నమాట.

డబ్బు తిరిగివ్వమంటే కొట్టతను బదులుగా రఫ్ నోట్సులు ఇస్తానన్నాడు! బిల్లు అడిగితే చిట్టీ ముక్క మీద మొత్తం రాసిచ్చాడు, కొట్టు పేరు కూడా లేదు. డబ్బు ఫోన్‌పేలో పంపాం కాబట్టి ఆ ఆధారం మిగిలింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు విషయాలకి అక్కడ ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

ఇదే సెట్టు కొన్నవాళ్లు స్టిక్కరు ఊడదీయక ముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో తీసి ఉంచుకోండి. కోడ్ ఉన్న కార్డు పారేయకండి.