కామన్ రైల్ డీజిల్ కారు: పదకొండేళ్ల వాడకం తర్వాత

2014లో కొన్న మా 1,248 సీసీ డీజిల్ కారు మొన్ననే 1,60,000 కిలోమీటర్లు దాటింది. విశాఖలో గోపాలపట్నం నుంచి మధురవాడలోని ఆఫీసుకు రోజూ రానుపోను, ఏడాదికి నాలుగైదుసార్లు అరకు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడే ఈ ఇంజిను విలువ తెలుస్తుంది. ఐదుగురం కూర్చుని ఏసీ వేసుకున్నా తడబడకుండా లాగుతుంది.

ఆ బలంలో కామన్ రైల్ అనే డీజిల్ చిమ్మే పద్ధతిది పెద్ద పాత్ర అంటాను. నాన్నగారి పాత జీపులో పంపు ఒత్తిడి ఇంజిను వేగాన్ని బట్టి ఉండేది. నెమ్మదిగా ఎత్తు ఎక్కుతుంటే డీజిల్ సన్నటి తుంపరగా విడివడక నల్లటి పొగ వచ్చేది. ఇందులో అలా కాదు. పంపు డీజిల్‌ను రైల్ అనే ఉక్కు గొట్టంలోకి ఎక్కించి ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. ఇంజినులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో ఏది ఎప్పుడు, ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ చూసుకుంటుంది. ముందు చుక్కంత చిమ్మి, అది అంటుకున్నాక అసలు మోతాదు వదులుతుంది. పాత డీజిల్ బండ్ల దడదడ తగ్గింది అందుకే. ఈ తరహా ఇంజిన్లలో ఒత్తిడి 1,600 బార్ దాకా వెళ్తుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే!

అంత ఒత్తిడిని ఆపే భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) మాత్రమే. వాటికి వేరే ఆయిల్ లేదు, డీజిలే కందెన. నీరు కలిస్తే ఆ పొర చెదిరి లోహానికి లోహం రాసుకుని అరిగిపోతుంది.

మా కారుకు ఏడో ఏట అదే జరిగింది. పొద్దున్నే ఎంతసేపు తిప్పినా స్టార్టు అయ్యేది కాదు. మెకానిక్ నాలుగు ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ గొట్టాలకు నాలుగు సీసాలు తగిలించాడు. మూడింటిలో డీజిల్ వేలెడు లేచేలోపే నాలుగోది సగం నిండింది. ఒత్తిడి అక్కడే జారిపోతోంది. ఫిల్టరు అడుగున ఉన్న మర విప్పి గాజు సీసాలోకి దించితే కింద రెండు వేళ్ల మందాన నీరు, పైన డీజిల్, మధ్యలో స్పష్టమైన గీత. వానాకాలంలో ఊరి బయట ఒక బంకులో ట్యాంకు నింపించాను. నా అనుమానం దాని మీదే. ఇంజెక్టరు మార్పుకు 14 వేలు అయింది.

అప్పటి నుంచి ఫిల్టరును 15 వేల కిలోమీటర్లకే మారుస్తున్నాను. వానలకు ముందూ తర్వాతా నీరు దించిస్తాను. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఖాళీ ట్యాంకులో అది నీరై దిగుతుంది; అందుకే పావు ట్యాంకు కన్నా తగ్గనివ్వను. మిగతా మూడు ఇంజెక్టర్లూ కారుతో వచ్చినవే, ఇప్పటికీ మార్చే అవసరం రాలేదు.