నీళ్ళు చిమ్మే ముఖాలు: చికాగోలో మూడు రోజులు

చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో అమ్మాయి ఇంటికి వచ్చి నెల దాటింది. ఆదివారం వస్తే ఆరోరా బాలాజీ గుడి, మిగతా రోజుల్లో ఇంటి చుట్టూ నడక. ముప్ఫయ్యేళ్ళు తెనాలిలో డ్రాయింగు మాస్టారుగా చేసినవాణ్ణి, ఎన్నాళ్ళని ఊరుకుంటాను? పైగా ఓ పని నెత్తిమీదుంది. మా పేటలో మూతబడ్డ పాత షెడ్డును అందరూ వచ్చిపోయే కళాకేంద్రంగా మార్చాలని నలుగురం కమిటీ వేసుకున్నాం. గుమ్మం ముందు ఎవరి విగ్రహం పెట్టాలి అన్నదగ్గర ఆర్నెల్లుగా బండి ఆగిపోయింది. "చికాగోలో ఇలాంటివి బాగా చేశారు నాన్నా, చూసి రాసుకుందువుగాని" అంది అమ్మాయి. సెప్టెంబరులో ఓ శుక్రవారం అమ్మాయి, మనవడు, మా ఆవిడ, నేను మెట్రా రైలెక్కాం. యూనియన్ స్టేషన్లో దిగి తూర్పుకి నడిస్తే, మా నడకకి అరగంటలో మిలీనియం పార్కు. కింద రైలు పట్టాలు, కార్లు నిలిపే చోటు, వాటి నెత్తిన 24 ఎకరాల పైచిలుకు తోట. 2004లో తెరిచారట.

ముందు అందరూ పరిగెత్తే చోటికే మేమూ వెళ్ళాం. అసలు పేరు క్లౌడ్ గేట్ అయినా జనం నోట్లో అది 'బీన్', అంటే చిక్కుడు గింజ. బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్ చేసింది. 168 స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు, బరువు 110 టన్నులు. తెనాలిలో ఇనప తుక్కుతో బొమ్మలు కట్టేవాళ్ళ షెడ్లలో తిరిగిన అలవాటు కొద్దీ వంగి, పక్కకి జరిగి, అతుకు ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు. వెల్డింగు చేసినవాడికి ఓ దండం పెట్టాలి. కానీ పది నిమిషాల్లో మా పని అయిపోయింది. ఎవరి మొహం వాళ్ళు చూసుకోవడం, ఫొటో దిగడం, వెనకవాళ్ళకి చోటివ్వడం. ఇంత గొప్ప పనితనం పక్కన నాకు కూర్చోవాలనిపించలేదు.

అక్కణ్ణుంచి నాలుగడుగులేస్తే క్రౌన్ ఫౌంటెన్. ఇక్కడ మూడు గంటలున్నాం.

ఎదురెదురుగా రెండు గాజు ఇటికల స్తంభాలు, ఒక్కోటి 50 అడుగులు. వాటి మీద నిలువెత్తున ఓ మనిషి ముఖం. మధ్యలో నల్లరాతి పలకల మీద పాదం కూడా మునగనంత నీళ్ళు. ముఖం మెల్లగా కళ్ళార్పుతుంది, ఏదో ఆలోచిస్తున్నట్టుంటుంది. నాలుగైదు నిమిషాలకి పెదాలు ముందుకొస్తాయి. అంతే, పిల్లలంతా కేకలేస్తూ దాని గడ్డం కిందికి చేరతారు. నోట్లోంచి ధారగా నీళ్ళు! తర్వాత ఆ ముఖం చిన్నగా నవ్వి మాయమై, ఇంకో ముఖం వస్తుంది. మావాడు రెండో ముఖానికే గురుతు పట్టేశాడు: "తాతయ్యా, మూతి ముడిస్తే రెడీ!"

ఆ ముఖాలు నాయకులవీ కావు, సినిమావాళ్ళవీ కావు. దాదాపు 1000 మంది చికాగో వాళ్ళవి. శిల్పి జౌమె ప్లెన్సా స్పెయిన్ దేశస్థుడు. బళ్ళ నుంచి, చర్చిల నుంచి, పేటల్లో సంఘాల నుంచి మనుషుల్ని పిలిపిస్తే అక్కడి ఆర్ట్ కాలేజీ విద్యార్థులు వీడియోలు తీశారు. వాళ్ళని కూర్చోబెట్టింది పాతకాలం పళ్ళ డాక్టరు కుర్చీలో! ముఖం ఎత్తు సరిచూసుకోవడానికి అంతకంటే తేలిక దారి నాకూ తట్టదు. మా పక్క బెంచీ మీద ఓ పెద్దావిడ తనవాళ్ళకి ఒక ముఖాన్ని చూపించి ఏదో చెబుతోంది. తెలిసినవాళ్ళదో ఏమో, అడగడానికి నాకు మొహమాటమేసింది.

2006లో ఈ స్తంభాల నెత్తిన నిఘా కెమెరాలు బిగిస్తే జనం ఒప్పుకోలేదు, కొద్ది వారాల్లోనే తీసేశారు. తమ ముఖాలున్న చోటు కనక ఆ మాట అడిగే చనువు వాళ్ళకుంది. రాత్రి కమిటీలో ఓ మిత్రుడికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, "సరే గానీ మాస్టారూ, విగ్రహం ఎవరిదో తేల్చారా?" అన్నాడు.

బస సంగతి కూడా చెప్పాలి. పార్కుకి దగ్గరని ఓ చవక హోటల్ తీసుకున్నాం. దగ్గరే, అబద్ధం కాదు. కానీ లిఫ్టు ఒక్కటే పని చేస్తోంది, ఉచిత టిఫిను అంటే చల్లటి బ్రెడ్డు, ఒక యాపిలు. బిల్లులో మేం ఊహించని రుసుము ఇంకోటి చేరింది. గది మాత్రం శుభ్రంగా ఉంది. ఇంకోసారైతే రోజూ రైల్లోనే వెళ్ళొస్తాను.

రెండోరోజు పింక్ లైను రైల్లో పిల్సెన్‌కి వెళ్ళాం. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు తరాలుగా ఉంటున్న పేట. 18వ వీధి స్టేషన్లో దిగుతూనే మెట్ల పక్కన, గోడల నిండా బొమ్మలు. 16వ వీధిలో రైలుకట్ట పొడవునా కుడ్యచిత్రాలే. కొన్ని వెలిసిపోయాయి, అయినా ఎవరూ పోస్టర్లంటించలేదు. అది చూసి కాస్త ఈర్ష్యపడ్డాను. అక్కడి నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్‌ను 1982లో మొదలుపెట్టింది బడి పంతుళ్ళు! టికెట్టు లేదు. లోపల ఒక బొమ్మ ముందు నిలబడ్డ ఇంటిల్లిపాదీ పెద్దగా మాట్లాడుకుంటున్నా ఎవరూ 'ఉష్' అనలేదు. మధ్యాహ్నం వీధి మలుపులో తిన్న మొక్కజొన్న రొట్టెలు, పచ్చిమిర్చి పచ్చడి చూసి మా ఆవిడ మన జొన్నరొట్టెలకి దగ్గరి చుట్టమంది.

మూడోరోజు పొద్దున వాన. చికాగో కల్చరల్ సెంటర్లోకి దూరాం. 1897లో గ్రంథాలయంగా కట్టిన భవనం, పైన 38 అడుగుల అడ్డకొలతతో రంగుటద్దాల గుమ్మటం. అది అందమే, కానీ నేను రాసుకున్నది వేరు: కుర్చీలు, మరుగుదొడ్లు, టికెట్టు లేకపోవడం. తడిసిన గొడుగుతో ఒకాయన మూల కూర్చుని కునుకు తీస్తున్నా లేపినవాళ్ళు లేరు. హైదరాబాదు బంజారాహిల్స్‌లో లామకాన్‌కు వెళ్ళినప్పుడు కూడా నాకిదే సుఖం. ఓ ఇంటిని అందరికీ వదిలేశారు, చాయ్ తాగినా తాగకపోయినా గంటలు కూర్చోవచ్చు. మా షెడ్డుకి గీసిన నక్షాలో బెంచీ ఒక్కటీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. మంచినీళ్ళ కుళాయి వెనక గోడకెక్కడో ఉంది. హోటల్ వాళ్ళిచ్చిన కాగితం మీదే ఆ కుళాయిని గుమ్మం పక్కకి మార్చి గీశాను.

వెళ్ళాలనుకుంటే ఒక మాట. ఫౌంటెన్లో నీళ్ళు సుమారుగా మే నుంచి అక్టోబరు దాకానే, ఆ తర్వాత వెళ్తే ముఖాలే. తువ్వాలు మర్చిపోకండి. సాయంత్రం రైలుకి ముందు మావాడు ఆఖరిసారని మళ్ళీ గడ్డం కిందికి పరిగెత్తాడు. వాణ్ణి మా ఆవిడ శాలువాలో చుట్టి నేపర్‌విల్ దాకా ఒళ్ళో కూర్చోబెట్టుకొచ్చాం.