20 టన్నుల ప్రొక్లెయిన్: 11 ఏళ్ల వాడకం తర్వాత

2013లో కొత్తగా కొన్న 20 టన్నుల ప్రొక్లెయిన్‌ను 2024లో అమ్మివేశాను. అమ్మిన రోజున అవర్ మీటరు 16,400 గంటలు దాటింది. కొనడానికి వచ్చిన వ్యక్తి ఆ అంకె చూసి, ఇంజన్ చప్పుడు విని, పొగ రంగు గమనించి ధర చెప్పాడే తప్ప, వంగి చైన్ వైపు చూడలేదు. ఆ గంటల్లో బ్రేకర్ (బకెట్ స్థానంలో తగిలించే, రాయి పగలగొట్టే సుత్తి) పని ఎంత అని కూడా అడగలేదు. అడగకపోయినా నేనే చెప్పాను, ధర కొంత తగ్గింది. హైదరాబాద్‌లో ఈ యంత్రాన్ని కొనేవారు ముందు తెలుసుకోవలసినవి ఆ రెండు విషయాలే. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి యంత్రాలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి కనుక, నేను చెప్పేది ఏ పేరున్న బండికైనా వర్తిస్తుంది.

యంత్రం అసలు పేరు ఎక్స్‌కవేటర్. పొక్లెయిన్ అన్నది ఒక ఫ్రెంచి కంపెనీ. ఆ పేరే మన నోళ్లలో నలిగి ప్రొక్లెయిన్ అయి, చైన్ల మీద నడిచే, తవ్వే ప్రతి యంత్రానికీ స్థిరపడింది. టైర్ల బండి జేసీబీ అయినట్టే ఇదీను.

బకెట్ పనిలో దీనికి వంక పెట్టలేను. కోకాపేట వైపు మొరం నేలలో టిప్పర్ నింపుతున్నప్పుడు, ఎడమ లివర్‌తో పైభాగాన్ని తిప్పుతూ ఆర్మ్‌ను (బకెట్ పట్టుకునే ముంజేయి), కుడి లివర్‌తో బూమ్‌ను (యంత్రం నుంచి లేచే పెద్ద చేయి), బకెట్‌ను ఒకేసారి కదిలించినా ఏ ఒక్క కదలికా తడబడేది కాదు. హెల్పర్‌గా చేరిన రోజుల్లో మా ఉస్తాద్ బకెట్ పళ్లతో నేల మీది ఇటుకను పగలకుండా పక్కకు జరిపి చూపించేవాడు. ఆ ఒడుపు నాకు పట్టుబడడానికి రెండేళ్లు పట్టింది. మొరంలో గంటకు 13, 14 లీటర్ల డీజిల్ తాగేది. వేళకు గ్రీజు పెట్టి, ఫిల్టర్లు మార్చినంత కాలం ఇంజన్ నన్ను ఏనాడూ సైటులో నిలబెట్టలేదు.

అయితే హైదరాబాద్‌లో మొరం ఎక్కువ లోతు ఉండదు. ఈ నగరం కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నెర్రెల వెంట నీరు దిగి రాతి మూలలను అరగదీసి మొరంగా మార్చగా, మధ్యలో మిగిలిన గట్టి భాగం గుండురాయిగా నిలుస్తుంది. ఖాజాగూడలో, దుర్గం చెరువు పక్కన పైకి కనిపించే గుండ్లే సెల్లార్ తవ్వకంలో మట్టి మాటున ఎదురవుతాయి. వాటి కింద పరుపుబండ తగిలితే ఇక బకెట్ విప్పి బ్రేకర్ తగిలించక తప్పదు, ఎందుకంటే ఇళ్ల మధ్య మందు పెట్టి పేల్చడానికి వీలుండదు.

యంత్రం వయసు మీటరు కంటే వేగంగా పెరిగేది అక్కడే. బ్రేకర్ కొట్టే ప్రతి దెబ్బా ఆర్మ్ గుండా, పిన్నులు, బుష్‌ల గుండా బూమ్ మొదలు దాకా పాకుతుంది. హైడ్రాలిక్ ఆయిల్ వేడెక్కి, దానిలో అరుగుడు రేణువులు చేరుతాయి. బకెట్ పనికి రాసిన గడువు వరకు ఆ ఆయిల్‌ను, ఫిల్టర్లను ఉంచితే పంపు దెబ్బతింటుంది. ఈ సంగతి నాకు పంపు విప్పించిన తర్వాతే తెలిసింది. చిజెల్‌ను, అంటే బ్రేకర్ కొసన ఉండే ఉలిని, రాతికి నిటారుగా ఆనించి, యంత్రం బరువు దాని మీద మోపి కొట్టాలి. ఒకే చోట అర నిమిషంలో రాయి పగలకపోతే చోటు మార్చాలి. రాయి విడిపోగానే ఆపాలి, లేకపోతే తర్వాతి దెబ్బను బ్రేకర్ బోల్టులే భరించాలి. పరుపుబండను నడిమధ్యలో పొడిచేవాడు రోజంతా దుమ్మే లేపుతాడు; తెలిసినవాడు అంచు వెతుక్కుని, నెర్రె పట్టుకుని లోపలికి జరుగుతాడు. నానక్‌రామ్‌గూడలో ఒక రాత్రి నా ఆపరేటర్ తొందరపడి చిజెల్‌ను గునపంలా వాడి గుండును ఎత్తబోయాడు. చిజెల్ రెండు ముక్కలైంది. అతణ్ణి తిట్టాను కానీ, తెల్లవారేలోగా రాయి లేచిపోవాలని ఫోన్‌లో తొందరపెట్టింది నేనే.

రెండవది చైన్. రాతి మీద ఉన్నచోటనే గిర్రున తిప్పితే చైన్ పలకలైన షూలు, రోలర్లు, చైన్‌ను తిప్పే చక్రమైన స్ప్రాకెట్ పళ్లు మూడూ కలిసి అరుగుతాయి, అవన్నీ మార్చాలంటే బండి విలువలో పెద్ద వాటా పోతుంది. పక్క సైటే కదా అని ట్రెయిలర్ కిరాయి మిగుల్చుకోవడానికి కిలోమీటర్ల కొద్దీ నడిపించిన పాపం నేనూ చేశాను. వానాకాలంలో బురద స్ప్రాకెట్ దగ్గర గట్టిపడి చైన్‌ను బిగదీస్తుంది. సాయంత్రం పారతో ఆ మట్టిని గీకించడం, బిగువు చూసి, చైన్‌ను బిగించి ఉంచే గ్రీజును కొంత వదలడం నాలుగో ఏట గానీ నాకు అలవాటు కాలేదు. మొదటి చైన్ అందుకే త్వరగా పోయింది, రెండవది చాలా ఎక్కువ కాలం వచ్చింది.

క్యాబిన్ గురించి చెప్పవలసింది తక్కువ. బకెట్ పనికి సీటు హాయిగానే ఉంటుంది. బ్రేకర్ మీద నాలుగు గంటలు దాటితే నడుము తెలుస్తుంది, చెవులకు రక్షణ లేకుండా కూర్చోకూడదు. ఏసీ ఫిల్టర్‌ను రాతి దుమ్ములో రోజూ దులపాలి.

ఇప్పుడు నేను చూస్తున్నది కూడా పాత బండే. దాని బూమ్ మీద బ్రేకర్ పైపులైను లేదు, ఒకప్పుడు ఉండి తీసేసిన క్లాంపుల వెల్డింగ్ మచ్చలూ కనిపించలేదు. స్ప్రాకెట్ పళ్లు ఇంకా మొన తేలలేదు. ఆదివారం బకెట్‌ను నేలకు కొంచెం పైన ఆపి, ఆర్మ్ పిన్నుల దగ్గర ఎంత ఆడుతుందో చూశాకే బేరానికి కూర్చుంటాను.