కుక్క చెకప్‌కు ఏడాది ప్యాకేజీ కడుతున్నారా? కడపవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ముందు అసలు విషయం చెప్పేస్తాను. కుక్కకో పిల్లికో ఏడాది పొడవునా చెకప్పులు, టీకాలు, రక్తపరీక్ష అన్నీ కలిపి ఒకేసారి డబ్బు కట్టించుకునే ప్యాకేజీ ఎవరైనా చూపిస్తే, వెంటనే ఫోన్ తీసి స్కాన్ చేయకండి. నేను చేశాను. 5,999 రూపాయలు. డబ్బు పోతే పోయింది, మా నల్లోడు చావు దాకా వెళ్లి వచ్చాడు.

ఆ క్లినిక్ పేరు ఇక్కడ రాయడం లేదు. వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు తయారు చేసుకుంటున్నాను, అది తేలేదాకా పేరు పెట్టి రచ్చ చేయొద్దని తెలిసిన వకీలు చెప్పాడు. ఎట్లాగూ ఇలాంటివాళ్లు బోర్డు మార్చుకుంటారు, పద్ధతి మార్చుకోరు. ఆ పద్ధతే చెబుతాను.

నల్లోడు జాతి కుక్క కాదు. నాలుగేళ్ల కింద వానకు తడిసి మా జిరాక్స్ షాపు మెట్ల కింద దూరిన పిల్ల. అప్పట్నుంచి ఏటా ప్రభుత్వ పశువైద్యశాలలోనే టీకాలు వేయించేవాణ్ణి. అక్కడ డాక్టరు గారి మీద నాకే ఫిర్యాదూ లేదు. కాకపోతే పొద్దున పూట ఎనుములు, గొర్రెలు, మేకల మధ్య నిలబడాలి. మేకను చూస్తే మావాడికి పూనకం వస్తుంది. పోయిన దసరాకు మా పాప ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. ఏసీ గది, కూర్చోవడానికి సోఫా, కుక్క పుట్టినరోజుకు ఫోటో. మూడు నెలలకొకసారి పూర్తి చెకప్, ఏడాది టీకాలు, నులిపురుగుల మాత్రలు, ఒక రక్తపరీక్ష, రెండు స్నానాలు. "మన నల్లోడికి ఇది చేయిద్దాం నాన్నా" అంది. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

మొదటిసారి అక్టోబరులో పోయాం. తెల్లకోటు వేసుకున్న కుర్రాడు వచ్చి "పేరేంది సార్?" అన్నాడు. చెప్పాను. నవ్వి, కార్డు మీద "బ్లాకీ" అని ఇంగ్లీషులో రాసుకున్నాడు. సరే, పేరు పోతే పోనీ. "ఇరవై రెండు కేజీలుంటాడు" అని కంటితోనే తూచి రాసేశాడు. తూకం మిషన్ లేదా అంటే ఉంది, మూలన. దాని మీద కుక్కల తిండి బస్తాలు నాలుగు పేర్చి ఉన్నాయి. స్టెతస్కోపు మెడలో ఉంది, చెవుల్లోకి మాత్రం ఎక్కలేదు. తల నిమిరాడు, ఒక మాత్ర ఇచ్చాడు, స్టాంపు కొట్టాడు. ఐదు నిమిషాలు. జనవరిలోనూ అంతే. కార్డులో బరువు మళ్లీ 22, టెంపరేచర్ గడిలో "నార్మల్". థర్మామీటరు నేను చూడనే లేదు.

ఏప్రిల్ మొదట్లో మూడో చెకప్. అప్పటికే నల్లోడు కొంచెం డల్‌గా ఉన్నాడు. సంగటి ముద్ద మొత్తం లాగించేవాడు సగం వదిలేస్తున్నాడు. ఆ మాట చెప్పాను. "ఎండలు సార్, కుక్కలన్నీ ఇట్లనే ఉన్నాయి" అన్నాడు. కడపలో ఏప్రిల్ ఎండ గురించి చెబితే ఎవడు కాదంటాడు? నమ్మాను. ఆ రోజే టీకాలు కూడా వేసేద్దామన్నాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

కుర్రాడు లోపలి గదిలోకి పోయి, సిరంజిలో మందు నింపుకొనే బయటికి వచ్చాడు. తలుపు సందులోంచి ఫ్రిజ్ కనబడింది. పెరుగు డబ్బా, టిఫిన్ క్యారియర్, రెండు కూల్‌డ్రింక్ సీసాలు. టీకా మందు ఎక్కడుందో నాకైతే కనబడలేదు. కుక్కల టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడి తగిలినా పాడవుతాయి, గడ్డకట్టినా పాడవుతాయి. డిస్టెంపర్, పార్వో లాంటి కుక్కల వైరస్ జబ్బులకు ఇచ్చే కలిపిన టీకా ఒక సీసాలో తెల్లటి ఎండు బిళ్లలా ఉంటుంది, ఇంకో సీసాలో నీళ్లమందు ఉంటుంది. రెండూ అప్పటికప్పుడు కలిపి వేయాలి. అది మీ కళ్ల ముందే జరగాలి. సిరంజి నిండి బయటికి వచ్చిందంటే అందులో ఏముందో దేవుడికే ఎరుక.

కార్డులో టీకా గడి దగ్గర సంతకం పెట్టాడు, స్టిక్కర్ అంటించలేదు. అడిగాను. "స్టిక్కర్లు అయిపోయాయి సార్, వచ్చేసారి వేస్తాం."

ఆ మాటకు అప్పుడు తలూపి వచ్చేశాను. నాలాంటి తిక్కోడు ఇంకోడు ఉండడు. స్టిక్కర్లు అయిపోవడమేంది? అవి స్టేషనరీ షాపులో కొనుక్కొచ్చేవి కావు. ఒక డోసు సీసా మీద అంటించి ఉన్న లేబుల్‌నే ఒలిచి కార్డులో అంటిస్తారు. దాని మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. సీసా ఉంటే స్టిక్కర్ ఉన్నట్టే. స్టిక్కర్ లేదన్నాడంటే సీసా సంగతే అనుమానం. ఒక్క మినహాయింపు చెప్పాలి. రేబిస్ టీకా పది డోసుల పెద్ద సీసాల్లో కూడా వస్తుంది, అప్పుడు ఒక్కో కుక్కకు ఒక్కో స్టిక్కర్ ఉండదు. అట్లాంటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ పెన్నుతో రాసి సంతకం పెట్టాలి. నా కార్డులో అదీ లేదు.

అదే రోజు రక్తం కూడా తీశారు. మరునాడు ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. అంతా నార్మల్, ప్లేట్‌లెట్లు (నెత్తురు గడ్డకట్టించే కణాలు) 3 లక్షల 10 వేలు. పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్, ప్రింట్ల పని చేస్తున్నాను, కాగితం అబద్ధమాడితే నా కంటికి తెలుస్తుంది. తెలియాలి. ఆ రోజు షాపు రద్దీలో "నార్మల్" అన్న మాట చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మూడు వారాల తర్వాత ప్రింట్ తీసి చూస్తే "బ్లాకీ" అన్న పేరు ఒక ఫాంటులో, మిగతా కాగితమంతా ఇంకో ఫాంటులో ఉంది. తేదీ వరుస నుంచి ఒక గీత కిందికి జారింది. జాతి గడిలో లాబ్రడార్, వయసు తొమ్మిది నెలలు. ఎవరిదో కుక్కపిల్ల రిపోర్టు మీద మావాడి పేరు అతికించారు.

టీకా వేసిన నాలుగో రోజు నుంచి నల్లోడు పూర్తిగా తిండి మానేశాడు. ఫోన్ చేస్తే "టీకా వేసినాక మామూలే, పారాసిటమాల్ సగం బిళ్ల వేయండి" అన్నారు. వేయలేదు, మా ఇంటామె అడ్డుపడింది కాబట్టి. ఆమె ఎక్కడో చదివిందట. మీరూ తెలుసుకోండి, పిల్లికి పారాసిటమాల్ విషం, ఒక్క బిళ్లతో ప్రాణం పోతుంది. కుక్కలకు కూడా డాక్టరు బరువు చూసి చెప్పకుండా మనుషుల నొప్పి బిళ్లలు, జ్వరం బిళ్లలు ఏవీ వేయకూడదు. పక్కింటి పెద్దాయన వేపనూనె పూయమన్నాడు, ఇంకొకాయన దిష్టి తీయమన్నాడు. దిష్టి తీశాం. దానివల్ల నష్టమైతే లేదు.

ఏప్రిల్ ఆఖర్లో ఒక పొద్దున లేచి చూస్తే గడప దగ్గర బండ మీద నెత్తురు చుక్కలు. ముక్కులోంచి కారుతోంది. తెలిసినాయన కారు మాట్లాడుకొని ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకుపోయాను. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కాలేజీ అది, 2008లో పెట్టారు, ఊరి పక్కన గోపవరంలో ఉంటుంది. మన జిల్లాలో ఇంత పెద్ద వసతి పెట్టుకొని నేను సోఫా చూసి డబ్బు కట్టాను.

అక్కడ మేడం మొదట చేసిన పని నాకిప్పటికీ కళ్ల ముందుంది. నల్లోడి పెదవి పైకెత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదిలింది. "చూడండి" అంది. మామూలుగా గులాబీ రంగులో ఉండాల్సిన చిగురు ఎండకు వెలిసిన కాగితంలా తెల్లగా ఉంది. నొక్కి వదిలాక రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలట. ఇక్కడ రావడానికి రంగే లేదు. తర్వాత థర్మామీటరు. తోక ఎత్తి, నిమిషం పట్టుకొని, 104.2. కుక్కకు 101 నుంచి 102.5 దాకా మామూలు. తూకం వేస్తే 18 కేజీల 400 గ్రాములు. "కార్డులో 22 అని ఉంది మేడం" అన్నాను. పక్కనున్న స్టూడెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందు డోసు లెక్కేసేది బరువు మీదే కాబట్టి ఆ తప్పుడు అంకె మీద ఇచ్చే ప్రతి మందూ తప్పే అవుతుంది.

తర్వాత చెవుల లోపల, మెడపట్టీ కింద, తోక కింద, కాలివేళ్ల సందుల్లో వెతికింది. వేళ్ల మధ్య నాలుగు పిడుదులు. కొందరు గోమార్లు అంటారు. ఒకటైతే నెత్తురు తాగి శనగ గింజంత అయ్యింది. నేను వీపు మీద చూసి ఏమీ లేవనుకునేవాణ్ణి. చెవి అంచు నుంచి చుక్క రక్తం తీసి గాజుపలక మీద పల్చగా పరిచి మైక్రోస్కోపులో చూశారు, కౌంటుకు వేరే తీశారు. ప్లేట్‌లెట్లు 38 వేలు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఎర్లీకియా. ముక్కులోంచి నెత్తురు అందుకే. "జ్వరంతో ఉన్న కుక్కకు టీకా వేయరు. వేసే ముందు టెంపరేచర్ చూసేది అందుకే" అంది మేడం. గొంతులో కోపమేమీ లేదు, రాసుకుంటూ చెప్పింది.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు. ఖాళీ కడుపున ఇస్తే కక్కేస్తారు కాబట్టి నాలుగు ముద్దలు తినిపించి వేయాలి. జ్వరం నాలుగు రోజుల్లోనే తగ్గింది, అయినా ఆపలేదు. మధ్యలో ఆపితే తిరగబడుతుందని గట్టిగా చెప్పారు. ఇంటి గోడల పగుళ్లకు, షాపు మెట్ల కిందా వాళ్లు చెప్పిన మందు కొట్టించాను. ఆడ పిడుదు నెత్తురు తాగాక కుక్కను వదిలి పగుళ్లలోకి పోయి వేలల్లో గుడ్లు పెడుతుందట.

నల్లోడు బతికాడు కాబట్టి ఆ జ్వరం సంగతి వదిలేయొచ్చు. నన్ను ఇప్పటికీ నిద్ర పట్టనీయనిది రేబిస్ టీకా. మా పాప వాణ్ణి పక్కనేసుకొని పడుకుంటుంది. వీధి కుక్కలతో వాడికి రోజూ గొడవే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషికైనా కుక్కకైనా దాదాపు మందే లేదు. కార్డులో సంతకం ఉంది, ఒంట్లో టీకా ఉందో లేదో తెలియదు. అలాంటి కార్డు ఉండడం కంటే లేకపోవడం మేలు, కనీసం జాగ్రత్తగా ఉంటాం. మందుల కోర్సు అయ్యాక జూన్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో మళ్లీ వేయించాను. పెద్ద సీసా చూపించి, బ్యాచ్ నంబరు పెన్నుతో రాసిచ్చారు. మీలో ఎవరికైనా అనుమానముంటే జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. 1885లో ఆ తేదీనే పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి ఈ టీకా ఇప్పించాడు, అందుకే ఆ రోజు.

ఇంతకూ ఆ కుర్రాడు డాక్టరే కాదు. బోర్డు మీద పేరున్న డాక్టరు గారు ఆదివారాలే వస్తారట, అది నాకు తర్వాత తెలిసింది. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసేవాళ్లు మండలిలో రిజిస్టరై ఉండాలి. చీటీ మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే నిజమైన డాక్టరు నొచ్చుకోడు. కడపలో నిజాయితీగా చూసే ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు, వాళ్ల దగ్గర ఏసీ ఉండకపోవచ్చు. నేనిప్పుడు ఎవరి దగ్గరికి పోయినా బరువు తూచారా, థర్మామీటరు పెట్టారా, నోరు తెరిచి చూశారా అనే చూస్తున్నాను. సీసా చూపించమంటాను, ఖాళీ సీసాను కార్డు పక్కన పెట్టి ఫోటో తీసుకుంటాను. రక్తపరీక్ష రిపోర్టు ల్యాబ్ నుంచి నేరుగా రావాలంటాను. ఇంట్లో నెలకోసారి నేను వాణ్ణి ఎత్తుకొని తూకం మీద నిలబడతాను, తర్వాత నేనొక్కడినే నిలబడి తీసేస్తాను. రెండు కేజీలు తేడా వస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

డబ్బు వెనక్కి అడిగితే "ప్యాకేజీ నాన్ రిఫండబుల్ సార్" అన్నారు. బిల్లు ఇవ్వలేదు కానీ ఫోన్‌లో కట్టిన రుజువు ఉంది. రిపోర్టు ప్రింటు బల్ల మీద పెట్టాక రెండు వేలు ఇస్తాం, నెట్‌లో ఏమీ రాయొద్దన్నారు. వద్దన్నాను. టీకా వేసిన రోజు బ్యాచ్ నంబరు రాసివ్వమని కాగితం ఇచ్చి వచ్చాను, ఇంతవరకు జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. రిజిస్ట్రేషన్ సంగతి రాష్ట్ర పశువైద్య మండలికి వేరుగా రాస్తున్నాను. ఇదే చోట ప్యాకేజీ కట్టినవాళ్లు మీ కార్డులో టీకా గడి ఒకసారి తీసి చూసుకోండి. సంతకం ఒక్కటే ఉంటే నాకు చెప్పండి, ఫిర్యాదు కలిసి వేద్దాం.

నల్లోడు ఇప్పుడు 21 కేజీల 200. నిన్న షాపులో ఉండగా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "డియర్ బ్లాకీ పేరెంట్, మీ నాలుగో చెకప్ గడువు దగ్గర పడింది."