థార్, జిమ్నీలకు స్టెప్నీ ఎక్కడ ఉంటే మేలు: వెనక తలుపు మీదా, బంపర్ క్యారియర్ మీదా?

థార్, జిమ్నీ, గూర్ఖా అనే మూడు జీపు తరహా బళ్లకూ స్టెప్నీ వెనక తలుపు మీదే వస్తుంది. పెద్ద టైర్లు వేయించిన వెంటనే చాలామంది చూపు ఇనుప బంపర్ మీదికి, దానికి అతికి పక్కకు తిరిగే స్వింగ్ క్యారియర్ మీదికి పోతుంది. ముందే చెప్పేస్తాం: టైరు కంపెనీ సైజుకు దగ్గరగా ఉంటే స్టెప్నీని తలుపు మీదే ఉంచి, తలుపుకు బలం కట్టించడం మేలు. చక్రం మొత్తం బరువు 35 కిలోలు దాటి, నెలలో చాలా రోజులు రాళ్ల దారుల్లో తిరిగే బండికైతే క్యారియర్‌ పెట్టించవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లు కొనేముందు బరువు లెక్క చూసుకోవాలి.

థార్‌కు వచ్చే 255/65 ఆర్18 టైరు ఎత్తు దాదాపు 31 అంగుళాలు. అల్లాయ్‌తో కలిపి సుమారు 30 కిలోలు తూగుతుంది. 285/70 ఆర్17 వేస్తే ఎత్తు 32.7 అంగుళాలకు చేరుతుంది. పక్క గోడలు గట్టిగా ఉండే, బురద దారుల కోసం చేసిన మడ్ టెర్రైన్ రకం టైరు, ఇనుప రిమ్ము అయితే బరువు 40 కిలోలకు అటూ ఇటూ వస్తుంది. జిమ్నీ 195/80 ఆర్15 టైరు ఎత్తు 27.3 అంగుళాలే. దానికి 235/75 ఆర్15 వేసినా ఎత్తు 29 దాటదు, బరువూ థార్ చక్రం కంటే తక్కువే ఉంటుంది. అందుకే జిమ్నీకి బరువు కారణంతో క్యారియర్ పెట్టించాల్సిన పని దాదాపు రాదు. అంచనాలు వద్దు, మీ చక్రాన్ని తూకం మీద నిలబెట్టి చూడండి.

ఆ బరువు తలుపును రెండు విధాల ఇబ్బంది పెడుతుంది. తలుపు తెరిచినప్పుడు భారమంతా బందుల (తలుపు కీళ్ల) మీద పడుతుంది. చక్రం మధ్యభాగం బందులకు 45 సెంటీమీటర్ల దూరంలో, రెండు బందుల మధ్య ఎడం 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 30 కిలోల చక్రం పై బందును 45 కిలోల బలంతో లాగుతుంది. 42 కిలోల చక్రమైతే ఆ లాగుడు 63 కిలోలు. తలుపు సొంత బరువు దీనికి అదనం. తలుపు మూసినప్పుడు కొంత భారాన్ని లాక్ పంచుకుంటుంది కానీ, రేకు నుంచి వెనక్కి పొడుచుకొచ్చిన చక్రం ప్రతి గుంటలోనూ తలూపుతుంది. బ్రాకెట్ బోల్టుల చుట్టూ రేకు పగిలేది ఈ ఊపుడు వల్లే. మొదట పెయింట్ మీద వెంట్రుకంత గీత కనిపిస్తుంది, తర్వాత చీలిక వస్తుంది.

తలుపు పరిస్థితి తెలుసుకోవాలంటే దాన్ని సగం తెరిచి, టైరు అడుగున రెండు చేతులూ పెట్టి పైకి ఎత్తి వదలండి. బందు దగ్గర కటకటమంటే పిన్ను, బుష్షు అరిగాయన్నమాట. మూసినప్పుడు తలుపుకూ బాడీకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో చూడండి. లాక్ కొక్కెం తగిలే స్ట్రైకర్ అడుగు భాగంలో కొత్తగా మెరుపు కనిపిస్తే తలుపు కిందికి జారుతోంది. ఎర్రమట్టి దారిలో వెళ్లొచ్చాక రబ్బరు బీడింగ్ లోపలివైపు దుమ్ము గీత పడినా అదే జబ్బు.

తలుపుకు బలం కట్టించడమంటే రేకు మీద ఇంకో పట్టీ వేయడం కాదు. సరైన కిట్‌లో పెద్ద ప్లేటు చక్రం భారాన్ని తలుపు రేకు మీద పెట్టకుండా నేరుగా బందుల బోల్టులకు చేరుస్తుంది. రేకుకు మాత్రమే బోల్టు చేసే కిట్ పగులును ఇంకోచోటికి మారుస్తుంది తప్ప ఆపదు. టైరు ఆనడానికి తలుపు మీద రబ్బరు గుబ్బలుంటే, కొత్త చక్రం వాటిని కొద్దిగా నొక్కుతూ కూర్చోవాలి. రిమ్ము ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనే కొలత) మారిందంటే ఆ ఆనిక పోతుంది, ఊపుడు మొదలవుతుంది. అప్పుడు గుబ్బల ఎత్తు పెంచాలి. నట్లను ఎంత బిగించినా ఆ ఊపుడు ఆగదు.

క్యారియర్ మంచి గుణం ఒక్కటే, కానీ అది పెద్దది: బరువు తలుపును వదిలి ఛాసిస్ మీదికి వెళ్తుంది. బదులుగా ఇచ్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. బంపర్, క్యారియర్ చేయి కలిపి 60 కిలోలు అనుకుందాం. ఆ బరువు వెనక ఇరుసుకు 90 సెంటీమీటర్లు అవతల వేలాడుతుంది. థార్ మూడు తలుపుల బండి వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2,450 మిల్లీమీటర్లు. ఈ లెక్కన వెనక ఇరుసు మీద పెరిగే భారం 60 కాదు, 82 కిలోలు. ముందు ఇరుసు మీద 22 కిలోలు తగ్గుతుంది. వెనక స్ప్రింగులు కుంగుతాయి, హెడ్‌లైట్లు పైకి లేస్తాయి, ఘాట్ ఎక్కుతున్నప్పుడు స్టీరింగ్ తేలికవుతుంది. క్యారియర్ పెట్టించేవాళ్లు గట్టి వెనక స్ప్రింగుల ఖర్చు కూడా అదే లెక్కలో వేసుకోవాలి.

రోజువారీ ఇబ్బంది ఇంకొకటి. కూరగాయల సంచీ పెట్టాలన్నా ముందు క్యారియర్, తర్వాత తలుపు తెరవాలి. చేయి పూర్తిగా తిరగడానికి బండి వెనక మీటరుకు పైగా ఖాళీ కావాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకు ఆనించి పెట్టే బండికి ఇది రోజూ నరకమే. తలుపు ఏ పక్కకు తెరుచుకుంటుందో క్యారియర్ కూడా ఆ పక్కకే తిరగాలి. ఎదురు దిశలో తిరిగేది కొనకండి.

ఒకే లాగుడుతో రెండూ తెరుచుకునేలా క్యారియర్‌ను తలుపుకు లింకు రాడ్డుతో కలిపే రకాలు ఉన్నాయి. ఇక్కడ ఒక చిక్కుంది. తలుపు బాడీ మీద, క్యారియర్ ఛాసిస్ మీద ఉంటాయి. ఈ బళ్లలో బాడీ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి రెండూ వేర్వేరుగా కదులుతాయి. రాడ్డు రెండు చివర్లా అన్ని వైపులా తిరిగే బాల్ జాయింట్ లేకపోతే ఆ కదలిక తలుపును లాగి, తప్పించుకోవాలనుకున్న పగులునే తెచ్చిపెడుతుంది. టైరుకూ తలుపుకూ మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల సందు ఉంచాలన్నదీ ఈ కారణానికే.

క్యారియర్ నాణ్యత తేలేది తిరుగుడు కీలు దగ్గర. ట్రైలర్ హబ్‌లో ఉండే రకం టేపర్ రోలర్ బేరింగులు రెండు, సీలు, గ్రీజు నిపిల్ ఉన్నది ఏళ్ల తరబడి నిలుస్తుంది. వట్టి పైపులో పైపు పెట్టినది ఒక వానాకాలం తర్వాత వదులై, చేయి చివర వేలెడు కిందికి దిగుతుంది. అప్పుడు లాచ్ (గడియ) పట్టదు, పట్టినా చప్పుడు చేస్తుంది. మూసినప్పుడు చేయి వాలుగా ఉన్న నైలాన్ దిమ్మె మీదికి ఎక్కి కూర్చోవాలి, బరువు మోసేది ఆ దిమ్మె. లాచ్ లాగి బిగించడానికే. దానికి తోడు విడిగా ఒక పిన్ను తప్పనిసరి. లాచ్ ఊడి 40 కిలోల చక్రం హైవే మీద పక్క లేన్‌లోకి తిరిగితే ప్రాణాలు పోతాయి. తెరిచి ఉంచేందుకు కూడా పిన్ను గానీ గ్యాస్ స్ట్రట్ గానీ ఉండాలి, లేకపోతే వాలులో ఆగిన బండిలో అది వచ్చి మనిషి నడుముకు కొడుతుంది.

బిగించేటప్పుడు బంపర్ బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, బాడీకి అన్ని వైపులా 10 నుంచి 12 మిల్లీమీటర్ల సందు చూసుకుని, అప్పుడే టార్క్ రెంచితో కొలత ప్రకారం బిగించాలి. 8.8 గ్రేడు ఎం12 బోల్టుకు సుమారు 80 న్యూటన్ మీటర్లు. ఛాసిస్‌కు వెల్డింగ్ చేస్తామనే షాపు నుంచి వచ్చేయండి. లాచ్ సర్దుబాటు చక్రం తగిలించిన తర్వాతే చేయాలి, ఎందుకంటే బరువు పడ్డాక చేయి కొద్దిగా దిగుతుంది. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత అన్ని బోల్టులూ మళ్లీ చూడాలి.

మారేడుమిల్లి వైపు వాగులు దాటేవాళ్లకూ, వికారాబాద్ గట్ల మీద తిరిగేవాళ్లకూ మూడో దారి బాగా సరిపోతుంది: స్టెప్నీ తలుపు మీదే, కింద మాత్రం క్యారియర్ లేని పొట్టి ఇనుప బంపర్. వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు చిరిగేది ప్లాస్టిక్ బంపర్ మూలలే, ఆ బాధ పోతుంది. క్యారియర్ ఉన్న బంపర్‌తో పోలిస్తే బరువూ సగానికి తగ్గుతుంది. జిమ్నీకి ఒక జాగ్రత్త: దాని వెనక లైట్లు బంపర్‌లోనే ఉంటాయి. అందుకే కొత్త బంపర్‌లో వాటికి సరైన గూళ్లు, రిఫ్లెక్టర్లకు చోటు ఉండాలి. బండిని లాగే కొక్కెం ఛాసిస్‌కు బోల్టయిన ప్లేటు నుంచే రావాలి, బంపర్ రేకుకు అతికించినది లాగుడులో ఊడి తూటాలా దూసుకొస్తుంది.

ఫార్చ్యూనర్ లాంటి బళ్ల కథ వేరు. స్టెప్నీ కింద వేలాడుతుంది. పెద్ద టైరు అక్కడ పట్టకపోతే బంపర్ క్యారియరే సరైన జవాబు. అమెరికాలో 4రన్నర్ నడిపే మనవాళ్లది కూడా ఇదే లెక్క. జీప్ రాంగ్లర్‌కు 37 అంగుళాల టైర్లు వేసినవాళ్లకు మాత్రం తలుపు బందులనే గట్టి పోత బందులతో మార్చి, వాటి మీదే చక్రాన్ని మోసే రకం దొరుకుతుంది. ఒక్క లాగుడుతో తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ మా ఓటు దానికే. స్టెప్నీని పైకప్పు మీదికి ఎక్కించడం ఏ బండికీ సలహా ఇవ్వం. బరువు అంత ఎత్తుకు పోతే పక్కవాలులో బండి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. పంక్చరైన చోట ఒక్కరే దించడమూ కష్టం.

చట్టం సంగతి దాచకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెడుతుంది. 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. తలుపుకు వేసిన బలం ప్లేటు ఎవరి కంటా పడదు గానీ, బంపరూ క్యారియరూ దూరం నుంచే కనిపిస్తాయి. కాబట్టి బిగించకముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. నంబర్ ప్లేటు, దాని లైటు, పై బ్రేక్ లైటు, రివర్స్ కెమెరా చూపు వీటిలో ఏదీ చక్రం వెనక దాగకూడదు.