బెయాయ్‌నెతు చెప్పాలా, దోరో వాట్ చెప్పాలా?

ఇథియోపియన్ హోటల్‌కి మొదటిసారి వెళ్తే బెయాయ్‌నెతు చెప్పడమే మేలు. టెఫ్ అనే చిన్న గింజల పిండిని పులియబెట్టి పోసే అట్టు ఇంజెరా; అలాంటి ఒకే పెద్ద ఇంజెరా మీద ఎర్రపప్పు మిసిర్ వాట్, పసుపు వేసిన బఠాణీపప్పు, గోమెన్ ఆకుకూర, క్యాబేజీ, పప్పుల పిండితో చేసే షిరో కుప్పలుగా వస్తాయి. ఇంజెరా పులుపు బాగా పులిసిన అట్ల పిండిని గుర్తుచేస్తుంది. కుడిచేత్తో తుంచి, దాంతోనే కూర అందుకోవాలి.

దోరో వాట్ అంటే కోడికూర. ఇంజెరాతో వచ్చేది ఈ ఒక్కటే కూర, కానీ వంటవాడి చేయి తెలిసేది అందులోనే. సన్నగా తరిగిన ఉల్లిని ముందు నూనె లేకుండా సన్నసెగ మీద గుజ్జయ్యేదాకా మగ్గించాలి. ఆ తర్వాతే మసాలా నెయ్యి, బెర్బెరె కారం, కోడి, చివర్లో ఉడికించిన గుడ్డు. తొందరపడితే నీళ్లు ఒకవైపు, ఉల్లి ఒకవైపు తేలతాయి. కారం మనవాళ్లకి లెక్కలోది కాదు.

పాలూ నెయ్యీ తిననివాళ్లు 'త్సోమ్' బెయాయ్‌నెతు అని అడగాలి. అది ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో తినే ఉపవాస భోజనం, నూనెతోనే వండుతారు. మామూలు షిరోలో నెయ్యి పడొచ్చు. గ్లూటెన్ పడనివాళ్లకి మాత్రం బెయాయ్‌నెతులోనూ దోరో వాట్‌లోనూ ఒకటే చిక్కు: విదేశాల్లో చాలాచోట్ల ఇంజెరా కోసం టెఫ్ పిండిలో గోధుమో బార్లీయో కలుపుతారు. అడిగాకే చెప్పండి.