హోమ్ పేజీ తళుకు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి

కొత్తగా వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లు నాలా దెబ్బ తినకూడదని రాస్తున్నాను. నేను నీళ్ల మోటార్ల స్పేర్ పార్టులు అమ్ముతాను. పాత సైట్ మార్చమని ఒక డిజైన్ సంస్థకు పని అప్పగించాను. మొదటి మీటింగ్‌లోనే ధగధగలాడే హోమ్ పేజీ చూపించారు. జరిగే బొమ్మలు, తేలే అక్షరాలు. అది చూసి పడిపోయి అక్కడికక్కడే సగానికి పైగా డబ్బు ఇచ్చేశాను. ఏ పేజీ దేని కింద ఉంటుందో చూపే పటాన్ని సైట్‌మ్యాప్ అంటారు. ఆ మాట వాళ్లూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

సైట్ పెట్టిన వారం నుంచే ఫోన్లు: "ఏవండీ, షాఫ్ట్ సీల్ ఎక్కడ పెట్టారు?"

చివరికి ఒక పాత కస్టమర్ పక్కన కూర్చుని, ఆయన ఫోన్‌లో ఎలా వెతుకుతున్నారో చూశాను. మెనూలో 'సొల్యూషన్స్', 'మా ప్రపంచం', 'ఎక్స్‌ప్లోర్'. సీల్ దేని కింద ఉంటుందో నాకే తెలియలేదు. ఆయన దగ్గర మోడల్ నంబర్ ఉంది, కొట్టడానికి సెర్చ్ బాక్స్ లేదు. ఎలాగో ఆ పేజీ దొరికి 'కార్ట్‌లో వేయి' నొక్కబోయేసరికి పైన ఒక బ్యానర్ ఆలస్యంగా లోడై బటన్‌ను కిందికి నెట్టేసింది. వేలు ఇంకో లింకు మీద పడింది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టేసి, "మీరే పంపించండి సార్" అన్నారు.

ఈ గెంతుకు ఒక కొలత ఉందని తర్వాత తెలిసింది. సీఎల్ఎస్ (క్యుములేటివ్ లేఅవుట్ షిఫ్ట్) అంటారు, గూగుల్ లెక్కలో అది 0.1 దాటకూడదు. బొమ్మల వెడల్పు, ఎత్తు కోడ్‌లో ముందే రాసిపెడితే చాలావరకు తగ్గుతుందట. ఆపాటి పని కూడా చేయలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ, పాత పేజీల అడ్రస్‌లన్నీ మార్చేసి 301 రీడైరెక్ట్‌లు (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని కొత్త పేజీకి పంపే ఏర్పాటు) పెట్టకపోవడం. గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లకి 'ఈ పేజీ లేదు' అనే 404 పేజీ. నిలదీస్తే, "పేజీల స్ట్రక్చర్ ఒప్పందంలో లేదు సార్" అన్నారు. మేడ కట్టి, మెట్లు మా పని కాదన్నట్టు!

అందుకని రంగులు చూడకముందే సైట్‌మ్యాప్, వైర్‌ఫ్రేమ్ అడగండి. వైర్‌ఫ్రేమ్ అంటే పేజీలో ఏది ఎక్కడ వస్తుందో చూపే నలుపు తెలుపు డబ్బాలే. వాటిలో లోరెమ్ ఇప్సమ్ (ఖాళీ నింపడానికి పెట్టే అర్థంలేని మాటలు) కాకుండా మీ అసలు సరుకుల పేర్లు ఉండాలి. ఫోన్ సైజుది కూడా చూడండి. అవి మీరు ఒప్పుకున్నాకే మొదటి విడత డబ్బు అని ఒప్పందంలో రాయించండి. రీడైరెక్ట్‌ల సంగతి కూడా.

ఇంకోటి, నేను ఆలస్యంగా చేసింది: సరుకుల పేర్లు చీటీల మీద రాసి ఐదుగురు కస్టమర్లకిచ్చి, మీకు తోచినట్టు విడగొట్టండి అన్నాను. కార్డ్ సార్టింగ్ అంటారు. నేను కంపెనీల వారీగా పెట్టుకున్నవాటిని నలుగురు 'నీళ్లు కారితే', 'శబ్దం వస్తే' అని రిపేరు వారీగా పెట్టారు. ఇన్నేళ్లుగా ఇదే వ్యాపారం చేస్తూ నాకది తట్టలేదు.

ఇప్పుడు పాత అడ్రస్‌ల లిస్టు ఎక్సెల్‌లో నేనే రాసుకుంటున్నాను. సగం అయింది. ఆ సంస్థవాళ్లు మాత్రం మిగతా బిల్లు కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నారు.